268 గజాలు: ఒక మొండి పంది, ఐదు నెలల రైఫిల్ పని

అక్టోబర్ 5

పొలం పెద్దాయన ఫోన్ చేసి రమ్మంటే పొద్దున్నే వెళ్లాను. టెక్సస్‌లో వేకోకి దిగువన, బ్రాజోస్ నది పక్కన నల్లరేగడి నేల. గోధుమ చల్లడానికి దున్ని పెట్టుకున్న చేలో రాత్రికి రాత్రే అరెకరం తిరగేసి పెట్టాయి పందులు. కొన్ని గుంటలు మోచేతి లోతు ఉన్నాయి. వాగు దగ్గరి కరెంటు స్తంభానికి నా మోకాలి పైన జానెడు ఎత్తు దాకా బురద పట్టి ఉంది, అందులో బిరుసు వెంట్రుకలు అతుక్కున్నాయి. చెక్క చెడకుండా తారు లాంటి మందు పట్టించిన స్తంభాలు కనిపిస్తే పందులు వదలవు, ఒళ్లు రుద్దుకుంటాయి. ఆ ఎత్తున రుద్దిందంటే అది చిన్నది కాదు.

నా చిన్నప్పుడు నాన్న వేరుశనగ చేలో మంచె మీద కూర్చుని, రాత్రంతా డబ్బా కొట్టి పందులను తోలేవాడు. పొద్దున ఇంటికొచ్చేసరికి కళ్లు ఎర్రగా ఉండేవి. తిరగబడిన ఆ నల్లమట్టి చూడగానే నాకు ఆ కళ్లే గుర్తొచ్చాయి.

ఇక్కడి పందులు ఈ నేలవి కావు. స్పెయిన్ వాళ్లు 16వ శతాబ్దంలో ఈ ఖండానికి తెచ్చిన పెంపుడు పందులు తప్పించుకుని అడవి పట్టాయి. 1930ల్లో వేట కోసం తెచ్చి వదిలిన యూరప్ అడవి పందులు వాటితో కలిశాయి. ఆడ పంది మోసేది సుమారు 115 రోజులే. పుట్టిన పిల్ల ఏడాది తిరక్కముందే తల్లి కాగలదు. టెక్సస్‌లో వీటి సంఖ్య 20 లక్షలు దాటిందని అంచనా. ఏటా మూడింట రెండు వంతులు తీసేస్తే తప్ప సంఖ్య పెరగకుండా ఆగదని టెక్సస్ ఏ అండ్ ఎం వ్యవసాయ విస్తరణ విభాగం లెక్క. తుపాకీతో ఒకటీ అరా కొడితే అది అయ్యే పని కాదు. గుంపు మొత్తం లోపలికి వచ్చాక తలుపు మూసే పెద్ద దొడ్డి ఉచ్చే దారి. పెద్దాయన అదే పెట్టాడు, పోయిన నెలలో ఒకేసారి తొమ్మిది పడ్డాయి.

పడనిది ఒక్కటే. ముదురు మగది. ఉచ్చు చుట్టూ దాని కాలిజాడలు గుండ్రంగా ఉన్నాయి, లోపలికి ఒక్క అడుగు కూడా లేదు. కెమెరాలో రెండుసార్లే కనిపించింది, రెండుసార్లూ సందెవేళ, చేను నడిమధ్యన, ఏ చెట్టుకూ దగ్గర కాకుండా. మాటు వేసి దగ్గరకు పోదామంటే వాసన పట్టేస్తుంది. పంది చూపు అంతంత మాత్రమే గానీ ముక్కు మాత్రం చాలా దూరం పనిచేస్తుంది. దూరం నుంచి, ఒక్క దెబ్బతో, నొప్పి తెలిసేలోపే పడాలి. దానికి సరిపడే రైఫిల్ నా దగ్గర లేదు. విడిభాగాలు తెచ్చి నేనే కట్టుకోవాలి.

అక్టోబర్ 19

కాగితాల సంగతి ముందు రాసుకుంటాను, ఎందుకంటే చాలామంది మనవాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకుంటారు. ఇక్కడి చట్టం దృష్టిలో రైఫిల్ అంటే యాక్షన్ భాగమే. బోల్టు, అంటే తూటాను లోపలికి తోసి మూసే కడ్డీ, దూరే ఆ ఉక్కు గొట్టం మీదే సీరియల్ నంబరు ఉంటుంది. దాన్ని లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గరే తీసుకుని, 4473 ఫారం నింపి, బ్యాక్‌గ్రౌండ్ చెక్ పూర్తయ్యాక తెచ్చుకున్నాను. బ్యారెల్, స్టాక్ (చేత్తో పట్టి భుజానికి ఆనించే దిమ్మ), ట్రిగ్గర్ లాంటివి మామూలు విడిభాగాలే. నేను గ్రీన్ కార్డ్ వచ్చాకే ఈ పనిలోకి దిగాను. హెచ్1బీ లాంటి వీసా మీద ఉన్నవాళ్లు చట్టంలోని మినహాయింపుల్లోకి వస్తే తప్ప తుపాకీ దగ్గర పెట్టుకోకూడదు. "స్నేహితుడిదే కదా, ఒకసారి పట్టుకుంటాను" అనుకున్నా అంతే, ముందు లాయర్‌ని అడగాలి. అడవి పందుల విషయంలో టెక్సస్ 2019 సెప్టెంబర్ 1 నుంచి వెసులుబాటు ఇచ్చింది. ప్రైవేటు భూమిలో యజమాని అనుమతి ఉంటే వేట లైసెన్స్ అక్కర్లేదు. నేను ఆ అనుమతి కూడా రాయించి పెట్టుకున్నాను. మన దేశంలో సంగతి పూర్తిగా వేరు. అక్కడ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది, ఇది అక్కడ చేసే పని కాదు.

తూటా 6.5 క్రీడ్‌మూర్. హోర్నడీ కంపెనీ 2007లో తెచ్చింది, టార్గెట్ షూటింగ్ కోసం. సన్నగా పొడుగ్గా ఉండే బుల్లెట్ గాలికి తక్కువ కొట్టుకుపోతుంది, భుజానికి దెబ్బ కూడా ఓర్చుకునేంతే. నేను ఎంచుకున్నది 143 గ్రెయిన్ల (సుమారు 9.3 గ్రాముల) వేట బుల్లెట్. బ్యారెల్ 24 అంగుళాలు, లోపలి మెలిక 8 అంగుళాలకు ఒక చుట్టు. ఛాంబర్, అంటే బ్యారెల్‌లో తూటా కూర్చునే గది, నేను కోయలేదు. లేత్ మీద ఏళ్ల అనుభవం ఉన్నవాడు చేయాల్సిన పని అది. ఛాంబర్ కోసి సిద్ధంగా ఇచ్చే, నట్‌తో బిగించే రకం బ్యారెల్ తీసుకున్నాను.

నవంబర్ 9

బ్యారెల్ బిగింపు. ఈ పనిలో తప్పు జరిగితే తూటా ముఖం ముందే పగులుతుంది. అందుకే తొందరపడలేదు, పక్కన తెలిసిన గన్‌స్మిత్ ఉండగా ఆయన షెడ్డులోనే చేశాను.

ముందు బోల్టులోంచి ఫైరింగ్ పిన్, ఎజెక్టర్ తీసేశాం. వాటి స్ప్రింగులు ఉంటే వేలికి తెలియాల్సింది తెలియదు. ఛాంబర్ లోతు చూడటానికి రెండు కొలత దిమ్మలు ఉంటాయి: గో గేజ్ మీద బోల్టు మూసుకోవాలి, కాస్త పొడుగైన నో-గో మీద మూసుకోకూడదు. ఛాంబర్‌లో గో గేజ్ పెట్టి, బోల్టు మూసి, బ్యారెల్ గేజ్‌కి ఆనేదాకా చేత్తో తిప్పి, నట్ బిగించాం. నట్ బిగిసేటప్పుడు బ్యారెల్‌ను వెంట్రుకవాసి ముందుకు లాగుతుంది. అందుకని మళ్లీ చూడాలి. మొదటిసారి నో-గో గేజ్ మీద బోల్టు హ్యాండిల్ సగం దాకా దిగింది. దిగకూడదు. వదులు చేసి మళ్లీ మొదలుపెట్టాం. మూడోసారికి గో గేజ్ మీద హ్యాండిల్ దాని బరువుకే జారి కిందికొచ్చింది, నో-గో మీద మొదట్లోనే ఆగిపోయింది. ఆ ఆగిపోవడం వేలి కొసకు గోడ తగిలినట్టు తెలుస్తుంది. గన్‌స్మిత్ ఏమీ అనలేదు, గేజ్‌లు తుడిచి పెట్టెలో పెట్టేశాడు. అంటే సరిపోయిందని అర్థం.

నవంబర్ 16

స్కోప్ బేస్ బిగించాక బోల్టు చివర్లో బరువుగా తిరుగుతోంది. పోయిన వారం నూనె వేసినట్టు జారిన బోల్టు ఇది. హెడ్‌స్పేస్, అంటే గేజ్‌లతో సరిచూసిన ఆ కొలత, కదిలిందేమోనని టెన్షన్ పడి గేజ్‌లు మళ్లీ పెట్టి చూశాను, సరిగ్గానే ఉన్నాయి. బేస్ స్క్రూలు ఒక్కొక్కటీ తీస్తూ పోతే అన్నిటికన్నా ముందున్నది తీయగానే బోల్టు వదులైంది. స్క్రూ ఒక మర పొడుగైంది, దాని కొన బోల్టు లగ్‌కి, అంటే బోల్టును లాక్ చేసే పన్నుకి, రాసుకుంటోంది. లగ్ మీద మెరిసే సన్నటి గీత పడింది. స్క్రూ కొస అరగదీసి, మర చివర శుభ్రం చేసి మళ్లీ వేశాను. గీత పైపైదే, బలానికి లోటు లేదని గన్‌స్మిత్ చూసి చెప్పాకే ముందుకెళ్లాను.

నవంబర్ 30

మొదటి కాల్పులు. 100 గజాలు, బల్ల మీద ఇసుక సంచులు. మూడు తూటాలు ఒక అంగుళంలో పడ్డాయి. కొత్త బ్యారెల్‌కు అది మంచి మాటే.

తర్వాత పొలంలో కాల్చేది ఇలాగేనని బైపాడ్, అంటే రైఫిల్ ముందుండే రెండుకాళ్ల ఊతం, దించి నేల మీద పడుకున్నాను. ఐదు తూటాలు కాలిస్తే గ్రూపు, అంటే రంధ్రాల గుంపు, 1.8 అంగుళాలు వచ్చింది, అదీ పైకీ కిందికీ సాగింది. ఇంకో ఐదు కాల్చినా అదే కథ. అన్న నా పక్కన స్పాటింగ్ స్కోప్ పట్టుకుని ఉన్నాడు. అన్నంటే సొంత అన్న కాదు, ఈ ఊళ్లో 20 ఏళ్లుగా ఉంటున్న పెద్దమనిషి, నాకు ఇవన్నీ నేర్పింది ఆయనే. "నీ ఊపిరి తప్పు కాదు తమ్ముడూ. ఊపిరి తప్పయితే సంచుల మీద కూడా చెదరాలి కదా," అన్నాడు.

యాక్షన్‌ను స్టాక్‌కి పట్టి ఉంచే స్క్రూల బిగువు చూశాను, 65 అంగుళ-పౌండ్ల దగ్గరే ఉన్నాయి. స్కోప్ రింగులు కదల్లేదు. బ్యారెల్ స్టాక్‌కి తగలకుండా ఉందా అని డాలర్ నోటు మధ్యలో దూర్చి యాక్షన్ దాకా లాగాను. హాయిగా వెళ్లింది. ఇంటికొచ్చినా తెమల్లేదు. రాత్రి గరాజ్‌లో మళ్లీ నోటు దూర్చి ఈసారి, పడుకుని కాల్చేటప్పుడు భుజంతో బైపాడ్‌ను ముందుకు తోస్తామే, అలా అన్నను తోయమన్నాను. నోటు ఇరుక్కుపోయింది. ఆయన ఒత్తిడి వదిలితే జారింది, తోస్తే మళ్లీ ఇరుక్కుంది.

బరువు తగ్గుతుందని నేను కొన్న ప్లాస్టిక్ స్టాక్ ముందు భాగం వంగుతోంది. సంచుల మీద ఒత్తిడి లేదు కాబట్టి తగల్లేదు, బైపాడ్ మీద ప్రతిసారీ ఒక్కో బలంతో తగిలింది. గుండు బయటికి వెళ్లేలోపు బ్యారెల్ తీగలా కంపిస్తుంది. దాన్ని ఒకచోట తాకితే ఆ కంపనం మారుతుంది, గుండు పోయే చోటూ మారుతుంది. వారం రోజులు పట్టింది సరిచేయడానికి. గుండ్రటి కర్రకు 80 నంబరు గరుకు కాగితం చుట్టి బ్యారెల్ గాడిని లోతు చేశాను, ముందు భాగంలో రెండు కార్బన్ కడ్డీలు ఎపాక్సీలో ముంచి పాతాను. ఇప్పుడు ఎంత తోసినా నోటు జారుతోంది. గ్రూపు 0.6 అంగుళాలకు వచ్చింది, బైపాడ్ మీద కూడా.

కాగితం పెట్టి చూడటం అందరూ చెప్పేదే. రైఫిల్‌ను కాల్చేటప్పుడు పట్టే పద్ధతిలోనే పట్టి చూడాలని మాత్రం నాకు ఎవరూ చెప్పలేదు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

డిసెంబర్ 14

స్కోప్ తిన్నగా ఉందా? 100 గజాల దగ్గర ఎత్తయిన అట్ట మీద తూకపు దారం వేలాడదీసి నిలువు గీత గీశాను. అడుగున గురిపెట్టి, టరెట్‌ను, అంటే గురి ఎత్తు మార్చే స్కోప్ మీది మీటను, 10 మిల్ (100 గజాల దగ్గర ఒక మిల్ అంటే 3.6 అంగుళాలు) తిప్పి కాలిస్తే గుండు 36 అంగుళాల పైన పడాలి. ఎత్తు సరిగ్గా వచ్చింది. కానీ గుండ్లు గీతకు ఒక అంగుళం కుడికి పడ్డాయి. స్కోప్ ఒకటిన్నర డిగ్రీ పక్కకు ఒరిగి ఉంది. కంటికి అసలు తెలియని ఒరుగు. రింగులు వదులు చేసి, రాత్రి గోడ మీద దారం వేలాడదీసి క్రాస్‌హెయిర్ దానితో కలిపాను. మర్నాడు గుండ్లు గీత మీదే పడ్డాయి.

జనవరి 11

బ్యారెల్ వేగం మారింది. మొదట్లో గుండు వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ మీద సగటు సెకనుకు 2,661 అడుగులు వచ్చింది. 150 తూటాలు దాటాక 2,698. కొత్త బ్యారెల్ లోపల నునుపు తేలే కొద్దీ ఇలా కొంచెం పెరిగి నిలబడుతుంది. పాత వేగంతో వేసిన పట్టిక చించేసి కొత్తది రాసి స్టాక్‌కి అంటించాను: 200 గజాలకు 0.5 మిల్, 300కి 1.3, 400కి 2.1, 500కి 2.9. లెక్క యంత్రం చెప్పింది కదా అని ఊరుకోలేదు. ప్రతి దూరంలోనూ ఇనుప పలక మీద కాల్చి చూశాకే సిరాతో రాశాను.

గాలిది వేరే లెక్క. గంటకు 10 మైళ్ల అడ్డగాలి 300 గజాల దగ్గర గుండును అరమిల్, అంటే ఐదారు అంగుళాలు పక్కకు నెడుతుంది. 500 దగ్గర అది అడుగు దాటి ఇంకో నాలుగు అంగుళాలు. పంది గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు మధ్యస్థంగా ఆరంగుళాల పలక అనుకోవచ్చు. గాలిని సగానికి తప్పు లెక్కేస్తే 500 గజాల దగ్గర గుండు ఆ పలక దాటి పోయినట్టే. పోయి ఎక్కడ పడుతుంది? కడుపులో.

జనవరి 26

ఈ ప్రాజెక్టులో నేను ఎక్కువ కాలం వెచ్చించింది ఇక్కడే. పడుకుని 500 గజాల దగ్గర ఆరంగుళాల పలక మీద పదికి పది తగిలాయి. సంతోషంగా పొలానికి వెళ్లి, పంది కనిపించే చోటికి ఎదురుగా గట్టు మీద పడుకుని చూస్తే మోకాలెత్తు గడ్డి తప్ప ఏమీ కనబడలేదు. అక్కడ పడుకుని కాల్చే వీలే లేదు. కూర్చుని ట్రైపాడ్ మీదే కాల్చాలి.

మరి ట్రైపాడ్ మీద నేనెంత? నాలుగు వారాంతాలు అదే చేశాను. ఒక్కో రోజు ఇంట్లోంచి వెళ్లగానే, చల్లటి బ్యారెల్‌తో, వేడెక్కే కాల్పులేమీ లేకుండా. పందికి రెండో అవకాశం అడగలేం కదా. 300 గజాలు: పదికి పది. 400 గజాలు: పదికి ఏడు.

పలక మీద ఏడు మంచి స్కోరే. ప్రాణి విషయంలో అది మూడు గాయపడిన పందులు. వాగులో దూరి రెండు మూడు రోజులు కొట్టుకుని చచ్చే పందులు. కాబట్టి నా హద్దు 300. రైఫిల్ 500 కొడుతుంది, నిజమే. ఆ గట్టు మీద, ట్రైపాడ్ మీద, నేను 300. స్టాక్ మీది పట్టికలో 300 కింద ఎర్ర సిరాతో అడ్డగీత గీశాను.

ఫిబ్రవరి 15

సాయంత్రం 5:40. వచ్చింది.

గోధుమ పచ్చగా జానెడు ఎత్తు ఉంది. వాగు గట్టు నుంచి ఒక నల్లటి మచ్చ మెల్లగా చేలోకి దిగింది. రేంజ్‌ఫైండర్ 412 అంది. స్కోప్‌లో చెవి కదలడం, మూతితో మట్టి ఎత్తడం, మెడ మీద నిక్కిన జుట్టు అన్నీ కనిపిస్తున్నాయి. పక్కకు తిరిగి నిలబడింది. గాలి నిదానంగా ఉంది. ఇంతకన్నా మంచి అవకాశం దొరకదేమో అనిపించింది. వేలు ట్రిగ్గర్ గార్డ్ బయటే ఉంది, కానీ చెయ్యి టరెట్ మీదికి పోయింది.

"ఎంత?" అన్నాడు అన్న.

"412."

ఆయన ఇంకేమీ అనలేదు. నేనూ టరెట్ తిప్పలేదు. వంగి వంగి గడ్డి చాటున దగ్గరకు పోదామని లేచాం. 60 గజాలు పోయామో లేదో గాలి వీపు వైపు తిరిగింది. పంది తల ఎత్తింది, ఒక్క ఉఫ్‌మన్న శబ్దం, అంతే, వాగులో కలిసిపోయింది. ఇంటికొచ్చే దారంతా కారులో ఇద్దరం మాట్లాడుకోలేదు. చాలా బాధేసింది, కానీ మళ్లీ అదే జరిగినా అలాగే చేస్తాను.

మార్చి 8

పెద్దాయన మొక్కజొన్న విత్తిన నాలుగో రోజు. పందులు కొత్తగా విత్తిన చేలో సాలు పట్టుకుని గింజ గింజా ఏరుకుంటూ పోతాయి. ఉచ్చు దగ్గర కాల్చకూడదని ముందే అనుకున్నాం. అక్కడ మిగిలిన గుంపు బెదిరితే మళ్లీ లోపలికి రాదు. మొక్కజొన్న చేను ఉచ్చుకు మైలు దూరం. దక్షిణపు గాలి కాబట్టి ఉత్తరపు గట్టున, ఎత్తు తక్కువ చోట, నాలుగున్నరకే కూర్చున్నాం. రాత్రి ఒంటి వేడిని చూపించే థర్మల్ స్కోప్‌తో కాల్చడానికి చట్టం ఒప్పుకుంటుంది. నాకు మాత్రం జంతువు వెనక ఏముందో కంటితో చూస్తే గానీ చెయ్యి రాదు.

6:25కి వచ్చింది. సాలు పట్టుకుంది. 340, 310, 290. మూతి భూమిలోంచి ఎత్తకుండా మా వైపే వస్తోంది. ఎదురుగా ఉన్నప్పుడు కాల్చే చోటు లేదు. మగ పందికి భుజాల మీద చర్మం కింద గట్టి కవచంలాంటి పొర ఉంటుంది, వాలుగా తగిలితే నమ్మలేం. 268 దగ్గర ఒక సాలు నుంచి పక్క సాలుకు మారుతూ పూర్తిగా పక్కకు తిరిగింది. వెనక వాగు గట్టు మట్టిగోడ, ఇంకే జంతువూ లేదు.

"ఎనిమిది మైళ్లు, ఎడమ నుంచి ఏటవాలుగా," అన్నాడు అన్న.

టరెట్ 1.0 మిల్ తిప్పాను. గాలికి 0.3 మిల్ పట్టాను. పంది గుండె మన మేకల కంటే ముందుకూ కిందకూ ఉంటుంది. ముందు కాలి వెనక గీతనే పట్టుకుని, ఒంటి ఎత్తులో మూడో వంతు దగ్గర క్రాస్‌హెయిర్ ఆపాను. ఊపిరి సగం వదిలాను. ట్రిగ్గర్ లాగడానికి రెండున్నర పౌండ్ల బలం చాలు, అది ఎప్పుడు తెగిందో తెలియలేదు.

గుండు తగిలిన శబ్దం తడిబట్ట బండకేసి కొట్టినట్టు వెనక్కొచ్చింది. పంది ముందుకు దూకి పరుగెత్తింది. బోల్టు తిప్పాను, రెండో తూటా ఎక్కింది, కానీ కాల్చలేదు. ఆ దూరానికి గుండు పోవడానికి సెకనులో మూడో వంతు పడుతుంది, ఆ లోపు పరుగెత్తే పంది తొమ్మిది అడుగులు పోతుంది. అది గురి అనిపించుకోదు. 30 గజాలు పోయి ముందుకాళ్ల మీద వాలింది, లేవలేదు. పావుగంట ఆగాకే నడిచాం.

దగ్గరకు వెళితే కుడి దంతం కొస విరిగి ఉంది. ఒంటి మీద పాత దెబ్బల మచ్చలు. భుజం మీది పొర నా బొటనవేలి మందం ఉంది. గుండు రెండు ఊపిరితిత్తులూ, గుండె పైభాగమూ దాటి అవతల బయటికొచ్చింది. నేను దాని మెడ మీద చెయ్యి పెట్టి కాసేపు కూర్చున్నాను. ఇన్నాళ్లూ కెమెరాలో, స్కోప్‌లో చూసిన జంతువు. అన్న టోపీ తీసి పక్కన నిలబడ్డాడు.

మార్చి 9

బరువు 214 పౌండ్లు. కోసేటప్పుడు మోచేతుల దాకా గ్లౌజులు వేసుకున్నాం, ఎందుకంటే అడవి పందుల రక్తం ద్వారా బ్రూసెల్లా అనే బ్యాక్టీరియా మనుషులకు అంటుతుంది. ముదురు మగది కాబట్టి వాసన ఉంటుందేమో అనుకున్నాం, వెనక తొడలు బాగానే ఉన్నాయి. లోపలి వేడి 160 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటేదాకా ఉడికించాం, థర్మామీటర్ గుచ్చి చూసి మరీ. సగం పెద్దాయన ఇంటికి పంపాం.

బ్యారెల్ మీద ఇప్పటికి 338 తూటాలు. తుడిచి, యాక్షన్ స్క్రూల బిగువు చూశాను, 65 దగ్గరే ఉన్నాయి. నోటు కూడా దూర్చి, తోసి చూశాను, జారింది. ఏప్రిల్‌లో ట్రైపాడ్ మీద 350 గజాల సాధన మొదలుపెడుతున్నాను. పదికి పది వచ్చేదాకా ఎర్రగీత ఉన్నచోటే ఉంటుంది.